పెద్దబడీ చిన్నబడీ

మా మేనల్లుడికి మునగాలలో హైవే పక్కన ఒక డీటీపీ సెంటరుంది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఫ్లెక్సీలు, మెడికల్ షాపు బిల్లుపుస్తకాలు, వగైరా. ఆ కొట్లో నాకొక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. జీతం లేదు, భత్యం లేదు. ప్రూఫులు చూస్తానన్న వంకతో పదింటికి వెళ్ళి కూర్చుంటాను. ఒకప్పుడు కోదాడలో ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు కంపోజింగు చేసినవాణ్ణి. అక్షరం తప్పుగా కనబడితే ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది. మా ఇంటావిడ మాత్రం, 'ఇంట్లో ఉంటే కూరలు తెమ్మంటానని పారిపోతున్నారు' అంటుంది. అందులోనూ కొంత నిజం లేకపోలేదు.

చిన్నప్పుడు బళ్ళో మాకు ఇంగ్లీషక్షరాలు రెండు మాట్లు నేర్పారు. మొదట పెద్దబడి, తరవాత చిన్నబడి. ఒకే అక్షరానికి రెండు రూపాలెందుకండీ అని మేష్టార్ని అడిగితే బెత్తం చూపించారు. ప్రెస్సులో చేరాకగానీ దాని సంగతి నాకు తెలియలేదు. సీసపు అక్షరాలు పోసి ఉంచే గళ్ళపెట్టెను 'కేసు' అంటారు. ఇంగ్లీషుకి రెండు కేసులు, ఒకదాని పైన ఒకటి వాలుగా ఉండేవి. పై కేసులో పెద్దబడి, కింది కేసులో చిన్నబడి. చేతికి దగ్గరగా ఉండేది కింది కేసే. ఎందుకంటే పనంతా చిన్నక్షరాలదే. పెద్దక్షరాలు పైన కూర్చుని, వాక్యానికొకసారి, పేరుకొకసారి కిందికి దిగేవి. ఇప్పటి కంప్యూటర్లో 'అప్పర్ కేస్', 'లోయర్ కేస్' అని కనబడే మాటలు ఆ చెక్కపెట్టెలవే. పెట్టెలు ఏ పొయ్యిలోకి పోయాయో తెలియదు, పేర్లు మాత్రం బతికాయి.

మొన్న వేసంగిలో ఒక పొద్దున మా కొట్టుకి ఒకబ్బాయి వచ్చాడు. అబ్బాయి అంటున్నాను గాని నలభై దాటి ఉంటాయి. హైదరాబాదులో ఏదో కంపెనీలో సెక్యూరిటీ పనిట. చేతిలో వాళ్ళ నాన్న ఫొటో. ఆధార్ కార్డులోది, పెద్దది చేయించుకొచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. మా వైపు సాగర్ ఎడమకాలవ మీద లష్కరుగా చేసినవాడు. కాలవ కింద మాకు రెండెకరాలుండేది. రాత్రి పూట మా వంతు నీళ్ళు మాకు వచ్చాయంటే ఆ మనిషి తూము దగ్గర గొంగడి కప్పుకుని మేలుకున్నాడన్నమాట. పోయాడని నాకు అప్పటిదాకా తెలియదు.

'పెద్దకర్మ కార్డులు కావాలె సార్. ఒక ఫ్లెక్సీ కూడా. ఫ్లెక్సీ మీద ఇంగ్లీషులో కూడా నాయన పేరు రావాలె, అన్నీ పెద్దక్షరాలే' అన్నాడు.

మా వాడు ఫోటోషాపు తెరిచాడు. పేరు చిన్నబడిలోనే గబగబా కొట్టి, రెండు పెద్ద 'టీ'ల గుర్తున్న మీట నొక్కాడు. దాని పేరు 'ఆల్ క్యాప్స్'. నొక్కీనొక్కగానే అక్షరాలన్నీ లేచి నిలబడ్డాయి. ఆ అబ్బాయి మొహం విప్పారింది. ఊరిగ్రూపులో పెట్టాలి, ఆ పేరు ముందు నాకు వాట్సాపులో పంపమన్నాడు. మా వాడు అక్కణ్ణించి కాపీ చేసి పంపాడు. అబ్బాయి తన ఫోను చూసుకుని, తెర చూసి, మళ్ళీ ఫోను చూసుకున్నాడు.

'అక్కడ పెద్దగున్నది ఇక్కడ చిన్నగెట్ల వచ్చింది సార్?'

నిజమే, ఫోనులో అన్నీ చిన్నక్షరాలే. మొదటి అక్షరం కూడా.

ఇందులో మాయేం లేదు. ఆ మీట అక్షరాన్ని మార్చదు, అక్షరం కనబడే తీరును మారుస్తుంది, అంతే. లోపల కంప్యూటరు దాచుకున్నది మీరు కొట్టిన చిన్నక్షరాన్నే. పైన చొక్కా తొడిగిందన్నమాట. చొక్కా ఫోటోషాపుది, కాబట్టి గడప దాటి బయటికి వచ్చేటప్పుడు అక్కడే విప్పేసి వస్తుంది. నిజంగా అక్షరమే మారాలంటే వేరే దారుంది. ఇన్‌డిజైన్‌లోనూ ఇల్లస్ట్రేటర్‌లోనూ టైపు మెనూ కింద 'చేంజ్ కేస్' అని ఉంటుంది. అది తొడుగు కాదు, లోపలి అక్షరాన్నే తీసి అక్కడ వేరొకటి పెడుతుంది. ఇక ఎక్కడికి పంపినా పెద్దగానే వెళుతుంది. తెరమీద చూస్తే రెంటికీ రవ్వంత తేడా కనబడదు. పక్కపక్కన పెట్టి ఏది వేషమో ఏది మనిషో చెప్పండి చూద్దాం అంటే, ఇరవై రెండేళ్ళు కంపోజింగు చేసిన నేనూ చెప్పలేను.

ఈ మెనూలో ఇంకా చిత్రాలున్నాయి. 'స్మాల్ క్యాప్స్' అని ఒకటి. ఆకారం పెద్దబడిది, ఎత్తు చిన్నబడిది. సర్పంచిగా గెలిచిన ఆడమనిషి పేరు బోర్డు మీద ఉండి, కుర్చీలో మొగుడు కూర్చున్న పంచాయితీ ఆఫీసు ఎప్పుడు చూసినా నాకది గుర్తొస్తుంది. మొదటే పెద్దబడిలో కొట్టినవాటిని మాత్రం స్మాల్ క్యాప్స్ తగ్గించలేదు. పుట్టుపెద్దల జోలికి అది పోదు, చూశారూ! 'సెంటెన్స్ కేస్' వాక్యం మొదట్లో ఒక్క అక్షరాన్ని పెద్దది చేసి తక్కినవన్నీ చిన్నవి చేస్తుంది. చుక్క కనబడితే వాక్యం అయిపోయిందనుకుంటుంది. ఇంటిపేరు అక్షరాల పక్కన మనం పెట్టే చుక్కలన్నీ దానికి వాక్యాంతాలే. నడి వాక్యంలో ఉన్న మనిషి పేరునూ ఊరి పేరునూ నిర్మొహమాటంగా చిన్నది చేసేస్తుంది, పాపం దానికి అది పేరని తెలియదు.

వీటన్నిటిలోకీ నాకు నచ్చింది కోరెల్‌డ్రాలోనూ వర్డులోనూ ఉండే 'టాగుల్ కేస్'. పెద్దవి చిన్నవవుతాయి, చిన్నవి పెద్దవవుతాయి. ఆహా, విప్లవమంటే ఇదీ అనుకున్నాను మొదట. తరవాత మా వాడు రెండోసారి నొక్కి చూపించాడు. అంతా ఎప్పటిలాగే! అందరినీ ఒకే మట్టానికి తెచ్చాక, మొదట ఎవరు పెద్దో ఎవరు చిన్నో ఆ యంత్రానికి గుర్తుండదు. తలకిందులు చేస్తే మాత్రం గుర్తుంటుంది, ఎందుకంటే తేడా ఎక్కడికీ పోలేదు గనక.

సరే, ఆ అబ్బాయి దగ్గరికి వస్తాను. ఫ్లెక్సీ అయ్యాక కార్డు మొదలుపెట్టాడు మా వాడు, ఇన్‌డిజైన్‌లో. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. ఈసారి చొక్కా కాదు, అసలే మారుద్దామని మొత్తం కార్డంతా ఒక్క గీటున పట్టుకుని చేంజ్ కేస్‌లో అప్పర్ కేస్ నొక్కాడు. ఇంగ్లీషు బాగానే లేచింది. పైన తెలుగు మాత్రం అల్లకల్లోలమైపోయింది. కొమ్ములు దీర్ఘాలై, వత్తులు తలకట్లై, పిచ్చిరాతలయ్యాయి.

'మా నాయన పేరేది?' అన్నాడా అబ్బాయి. గొంతులో నిజంగా భయముంది.

పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో జరిగే సంగతే ఇది. వాటిల్లో తెలుగక్షరం ఇంగ్లీషక్షరం కుర్చీలో అద్దెకు కూర్చుంటుంది. చిన్న 'ఏ' కుర్చీలో ఒక తెలుగు ముక్క, పెద్ద 'ఏ' కుర్చీలో దానితో సంబంధంలేని మరో ముక్క. చిన్నదాన్ని పెద్దది చెయ్యమంటే యంత్రం కుర్చీ మారుస్తుంది, కూర్చున్నవాడు మారిపోతాడు. పోనీ లోయర్ కేస్ నొక్కితే వెనక్కి వస్తుందా అంటే, రాదు. మొదట్నించీ పెద్ద కుర్చీల్లో ఉన్న ముక్కలు కూడా అప్పుడు చిన్న కుర్చీల్లోకి దిగిపోతాయి. కంట్రోల్ జెడ్ ఒక్కటే దిక్కు. అదీ ఫైలు మూసెయ్యకముందే. మా వాడు టక్కున నొక్కాడు, పేరు తిరిగి వచ్చింది. ఆ తరవాత తెలుగు భాగాన్ని యూనికోడులో కొట్టించాను. యూనికోడులో తెలుగుకి సొంత ఇల్లుంది. అక్కడ అప్పర్ నొక్కండి, లోయర్ నొక్కండి, టైటిల్ నొక్కండి, ఒక్క అక్షరం కదిలితే ఒట్టు. తెలుగక్షరాల్లో పెద్దవీ లేవు, చిన్నవీ లేవు కాబట్టి ఆ మెనూ మొత్తం మన ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది.

నాకు భలే గర్వమనిపించింది సుమండీ. ఆ అబ్బాయితో చెప్పాను కూడా. 'చూశావా, ఈ పెద్దాచిన్నా గొడవ రోమనూ గ్రీకూ రష్యనూ ఆర్మేనియనూ లాంటి కాసిని లిపులకే గాని మనకి లేదు. మన అక్షరాలన్నీ సమానం.' అదే ఊపులో మా వాడి వైపు తిరిగి, 'వాడి ఫొటో కొంచెం పైకి జరపరా, పేరుకి అడ్డం వస్తోంది' అన్నాను.

వాడి ఫొటో.

కార్డు మీద నేనే దగ్గరుండి 'గారు' పెట్టించాను. సున్నా తప్పులున్నాయేమో అని రెండుసార్లు చదివాను. నోరు తెరిస్తే 'వాడి' అని వచ్చింది. అబ్బాయి ఏమీ అనలేదు. నా మొహం చూసి కామోసు, ఆఖరికి తనే, 'పర్లేదు సార్, మీకలవాటు' అన్నాడు. రేపు వస్తానని బయానా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన లిపిలో పెద్దక్షరం లేదన్నది నిజమే. కాని పెద్దరికాన్ని మనం అక్షరం తలమీద కాకుండా మాట తోకలో దాచుకున్నాం. వచ్చాడు, వచ్చారు. అతను, ఆయన. ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. మర్యాద తీసేస్తే మనిషి వచ్చినా 'వచ్చింది', గేదె వచ్చినా 'వచ్చింది'. పేరు చివరికి వస్తే గారు, గాడు. రాసి చూడండి, తేడా ఒకే ఒక్క అక్షరం. ఏ యంత్రమూ అక్కర్లేకుండా మన నాలికే రోజుకి వందసార్లు చేంజ్ కేస్ నొక్కుతూ ఉంటుంది. ఇంగ్లీషువాడు 'నేను' అనే మాటను ఎక్కడున్నా పెద్దబడిలో రాస్తాడని మనం వెక్కిరిస్తాం. అది అహంకారం కాదట, చేతిరాత రోజుల్లో ఒంటరి చిన్న 'ఐ' కంటికి ఆనకుండా పోతుందని పెద్దది చేశారట. జర్మనువాళ్ళు 'మీరు' అన్న మాటని పెద్దక్షరంతో మొదలుపెడతారు. చిన్నదైతే అదే మాటకి 'వాళ్ళు' అనో 'ఆమె' అనో అర్థం. నోటితో అంటే రెండూ ఒకటే. మనకి నోట్లోనే తెలిసిపోతుంది. ఎక్కువ కష్టం ఎవరికో మీరే చెప్పండి.

ఒక్క అక్షరంలో ఏముందిలే అనేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో తమ జాతి పేరుని చిన్న 'ఎన్'తో కాక పెద్ద 'ఎన్'తో అచ్చువెయ్యాలని డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్ అనే నల్లజాతి మేధావి పత్రికల వెంట ఏళ్ళ తరబడి పడ్డాడు. న్యూయార్క్ టైమ్స్ ఒప్పుకున్నది 1930లో. తరవాత ఆ మాటే పాతబడి, 'బ్లాక్' అనే మాట వచ్చాక అందులో 'బీ' పెద్దదా చిన్నదా అన్న పేచీ మళ్ళీ మొదటికొచ్చింది. అసోసియేటెడ్ ప్రెస్ దాన్ని పెద్దది చేసింది 2020లో. అదే జాతికి చెందిన రచయిత్రి బెల్ హుక్స్ తన కలంపేరుని అన్నీ చిన్నక్షరాల్లోనే రాసుకుంది. నన్ను కాదు, నా పుస్తకంలో ఉన్నదాన్ని చూడండి అని. ఆమె పేరు మీద టైటిల్ కేస్ నొక్కారో, ఆమె కావాలని దించుకున్న అక్షరాలని మనం బలవంతాన లేపి నిలబెట్టినట్టే. తనంతట తాను దించుకోవడం వేరు, ఇంకొకరు దించడం వేరు. మా కాలవ లష్కర్ని ఎవరూ అడగలేదు.

మా మునగాలకి అక్షరంతో పెద్ద చుట్టరికమే ఉంది లెండి. విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి 1906లో మొదలైనప్పుడు దాని వెనకున్న కొమర్రాజు లక్ష్మణరావుగారు మా మునగాల ఎస్టేటు దివానుగారే. రాజా నాయని వెంకటరంగారావుగారి అండతో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. ఈ వాక్యాల్లో ఎన్ని గార్లు పడ్డాయో చూశారా? పడాలి కూడా, వాళ్ళు చేసిన పని అలాంటిది. కాని ఇదే పరగణాలో జమీందారీ మీద, వెట్టి మీద రైతులు పోరాడారు. వెట్టి చేసినవాళ్ళలో ఎవరి పేరు చివరైనా గారు ఉండేదా? మా తాతల నోట వాళ్ళ పేర్లు నేను విన్నాను. సగానికి పైగా 'గాడు'తోనే విన్నాను. అలా విని విని, ఆ మనుషుల అసలు పేర్లేమిటో మాకెవరికీ తెలియకుండా పోయింది. లష్కరుకి అంత మంచి పేరుందని నాకు తెలిసింది ఆధార్ కార్డు చూశాకే. అన్నేళ్ళూ మేం పిలిచింది ఆ పేరులో విరిగిన సగం ముక్కతో.

ఈ గోడు మా ఊళ్ళో రిటైరైన హెడ్మాస్టరుగారి దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆయన నిక్కచ్చి మనిషి. 'లోపల వాడు, పైన గారు అంటే అది ఆల్ క్యాప్సే కదయ్యా? వేషం. కాపీ చేస్తే బయటపడుతుందని నువ్వే అంటివి. బతికుండగా ఇవ్వని గౌరవం కార్డు మీద ఎందుకు? నిజాయితీగా మానెయ్యి' అన్నాడు.

ఆ మాట వినడానికి బాగుంది. నిజాయితీ అన్న మాటకి ఎప్పుడూ ఆ సుఖం ఉంది. కాని ఆలోచించిన కొద్దీ నాకు ఒప్పుదల కాలేదు. లోపల గౌరవం పుట్టేదాకా నోట గారు అననంటే, ఆ పుట్టేదాకా అవతలి మనిషి 'ఒరే' అనిపించుకుంటూ ఉండాలా? నా మనసు శుద్ధికోసం అతను తూము దగ్గర ఇంకో నలభై ఏళ్ళు కాచుకు కూర్చోవాలా? నా లోపలేముందో అతనికి అక్కర్లేదు. అతని చెవిన పడింది నా మాటే. పైగా నా లోపలున్న ఆ 'వాడు' మాత్రం నేను ఆలోచించి ఎన్నుకున్నదా ఏం? అదీ ఎవరో చిన్నప్పుడు తొడిగిన చొక్కాయే. ఒంటికి అతుక్కుపోయి చర్మమనుకుంటున్నాను.

ఇంగ్లీషులో ఒకప్పుడు నువ్వు అనడానికి 'దౌ', మీరు అనడానికి 'యూ' ఉండేవి. రానురాను మర్యాదకోసం అందరినీ యూ యూ అంటూ పోతే దౌ మూలపడింది. మొదట అన్నవాళ్ళందరూ మనస్ఫూర్తిగా అన్నారని నేననుకోను. కొందరు భయానికీ, కొందరు అమ్మకానికీ, కొందరు ఎందుకొచ్చిన గొడవలే అనీ అని ఉంటారు. వాళ్ళ మనవలకి మాత్రం వేరే మాట తెలియకుండా పోయింది.

ఇదంతా హెడ్మాస్టరుగారితో అన్నాను. 'అయితే మీ కొట్టు ఊడ్చే కుర్రాణ్ణి రేపట్నించీ మీరు అంటావా?' అన్నాడు. నేను నీళ్ళు నమిలాను. అంటానని చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పటికీ రోజుకి రెండుసార్లు అంటున్నాను, పదిసార్లు మరిచిపోతున్నాను. మొదటిసారి అన్నప్పుడు వాడు... ఆ కుర్రాడు, వెనక్కి తిరిగి ఇంకెవరున్నారా అని చూశాడు.

మర్నాడు లష్కరు కొడుకు కార్డుల కోసం వచ్చేసరికి మా మేనల్లుడు టీకి వెళ్ళాడు. కట్ట నా చేతిలోనే ఉంది. పొద్దున్నించీ ఒక వాక్యం మనసులో నాలుగుసార్లు కంపోజు చేసి, ప్రూఫు చూసుకుని ఉంచుకున్నాను. అయినా గొంతులో కాస్త అడ్డం పడింది.

'మీ నాన్నగారి కార్డులు తయారయ్యాయి' అన్నాను.

అబ్బాయి నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తరవాత కట్ట విప్పి, అక్కడే స్టూలు మీద కూర్చుని, వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టాడు.

'వంద చెప్పిన సార్. నూట రెండున్నయి.'

'ఉండనీ. ఎక్కువ వేస్తాం, పాడైతే పనికొస్తాయని.'

అతను పై కార్డు ఒకటి తీసి, చొక్కా జేబులోంచి పెన్ను తీసి, కవరు మీద నా పేరు తెలుగులో మెల్లిగా రాశాడు. చివర గారు అని పెట్టి నా చేతికిచ్చాడు.

'ఆదివారం, సార్. చెరువు కట్ట కాడ. పొద్దెక్కకముందే రండి.'